మూడు మిల్లీమీటర్ల దారి

మా పాప వెల్లకిలా పడుకుని నిద్రపోవడం నేను చాలా ఏళ్లు చూడలేదు. గోడకు దిండు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని, వాటి మీద తల పెట్టుకుని నిద్రపోయేది. నిద్రలో జారి పక్కకు ఒరిగితే గురక మొదలు. అది పెరిగి పెరిగి, పడసాలలో పడుకున్న మా మామను లేపేంత పెద్దదై, ఉన్నట్టుండి ఆగిపోయేది. ఎద పైకి లేస్తుంది, కడుపు లోపలికి పోతుంది, మళ్లీ ఎద లేస్తుంది. గాలి మాత్రం పోదు. ముక్కు దగ్గర వేలు పెడితే ఏమీ తగలదు. పెదాల రంగు మారేది. అప్పుడు ఒక్క అదురు అదిరి, గట్టిగా గాలి లాగి, కండ్లు తెరవకుండానే మళ్లీ మోకాళ్ల మీదికి తల చేర్చేది. తెల్లారి అడిగితే దానికి ఏదీ జ్ఞాపకం ఉండదు. తల నొప్పిగా ఉందని మాత్రం చెప్పేది. పక్క తడిసి ఉండేది. ఎనిమిదేళ్లు వచ్చినా పక్క తడుపుతుందని తిట్లు తినేది.

గురక అంటే మా పక్క నవ్వులాట. గురక పెట్టే మనిషిని చూసి, ఏ చింతా లేకుండా నిద్రపోతాండాడు, పుణ్యాత్ముడు అంటారు. అదొక జబ్బు కావచ్చని చెబితే నమ్మేవాళ్లు ఇప్పటికీ తక్కువ.

మాది పావగడ తాలూకాలో తిరుమణి పక్కన చిన్న ఊరు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, చుట్టూ మూడు దిక్కుల ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో ఆఫీసులో కన్నడ. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లోళ్లను తూకం వేయడం, ఆ తూకాన్ని చార్టులో చుక్కగా పెట్టడం, చుక్క కింది గీతల్లోకి జారితే పైకి రాయడం నా పని. మా పాప చుక్క కిందికి జారడం మొదలైనప్పుడు కూడా నేనే పెట్టినాను, నేనే రాసినాను. బరువు ఎందుకు తగ్గుతోందో ఆ చార్టు చెప్పదు. అన్నం సరిగా పెట్టడం లేదేమో అన్నట్టు చూసినారు అందరూ, అంగన్‌వాడీ టీచర్ బిడ్డకే పౌష్టికాహారం లేదని.

పాప పుట్టింది 2006లో. 2010లో, మిద్దె మీద చెనక్కాయలు ఎండబోసిన రోజుల్లో, అంచు దగ్గర ఆడుకుంటూ కింద బండల మీద పడింది. నేరుగా గడ్డం మీద పడింది. గడ్డం కింద చీలి నెత్తురు కారింది. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు ఎత్తుకుపోతే కుట్లు వేసినారు, టీటీ సూది వేసినారు, తలకు దెబ్బ తగల్లేదు, అదృష్టం అన్నారు. గాయం మానింది. పాప మాత్రం రెండు చెవుల ముందు వేళ్లు పెట్టి, ఇక్కడ నొప్పి అని చాలా రోజులు చూపించేది. దెబ్బ గడ్డానిది కదా, చెవి దగ్గర నొప్పేమిటి అని ఎవరూ దాన్ని తాకి చూడలేదు.

ఆ రోజు అక్కడ ఒక ఎక్స్‌రే తీసి ఉంటే సరిపోయేది. ఎప్పుడు తల్చుకున్నా నాకు ఇదే కోపం. గడ్డానికి తగిలిన దెబ్బ కింది దవడ ఎముక వెంట రెండు పక్కలా పైకి పోయి, చెవి ముందున్న కీలు దగ్గర ఎముక కొనను విరగ్గొడుతుందట. పిల్లల్లో ఎముక తొందరగా అతుక్కుంటుంది. తొందరగా అతుక్కోవడమే ఇక్కడ చెడుపు. విరిగిన కొన కీలులో నెత్తురు గడ్డకట్టి, అది ఎముకై, దవడ పోయి పుర్రెకు అతుక్కుంటుంది. ఇది నాకు తెలిసింది ఏళ్ల తర్వాత.

నోరు ఒక్కసారిగా మూసుకుపోలేదు. మొదట మామిడికాయ కొరకలేకపోయింది. తర్వాత రొట్టె. తర్వాత చెంచాను పక్కకు తిప్పి పెట్టాల్సి వచ్చింది. రెండో తరగతికి వచ్చేసరికి పండ్ల మధ్య గోరు దూరేంత సందు ఉండేది, అంతే. సంగటి ముద్ద మింగే ఇంట్లో పుట్టి, పల్చటి అంబలి, పాలు, మెత్తగా పిసికి పిండిన పప్పుకట్టు మీద బతికింది. ఒక పాలపల్లు ఊడితే ఇల్లంతా సంతోషపడినాము, ఆ సందులోంచి కొంచెం అన్నం నెట్టొచ్చని. కొత్త పల్లు వచ్చి ఆ సందు మూసుకుంటే మా అత్త ఏడ్చింది. బ్రష్ లోపలికి పోదు కాబట్టి వెనక పండ్లు పుచ్చినాయి. పుచ్చిన పల్లు పీకే దారి కూడా లేదు.

దవడ పెరిగే చోటు ఆ కీలులోనే ఉంటుంది. అది అతుక్కుపోతే ముఖం పెరుగుతుంది, గడ్డం పెరగదు. పక్క నుంచి చూస్తే కింది పెదవి కింద నేరుగా మెడ. బడిలో దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను.

కారణాలు చెప్పడానికి మాత్రం అందరూ ముందుకు వచ్చినారు. మా తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా ఊళ్లల్లో దాటిన బోర్లు ఎన్నో. మా అత్త నడుము వంగింది దానివల్లనే. మోకాళ్లు ముడవలేదు, మెడ తిప్పలేదు, వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతుంది. అలాంటి ఊళ్లో ఒక పిల్ల దవడ బిగుసుకుంటే, నీళ్ల రోగం దవడకు వచ్చిందని అనుకోవడంలో తప్పేముంది? ఫిల్టర్ దగ్గర నాణెం వేసి 20 లీటర్ల క్యాన్ నింపుకొచ్చి దానికి ఆ నీళ్లే తాపినాము. ఇంకొకరు ధనుర్వాతం అన్నారు. ధనుర్వాతమైతే ఇన్నేళ్లు బతికి ఉంటుందా అని నేను అడిగితే, టీచరమ్మకు అన్నీ తెలుసు అని మూతి తిప్పుకున్నారు. పావగడలో శనిమహాత్మ గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పక్కనే ఉన్న మేము పోకుండా ఉంటామా? శనివారాలు పోయినాము, నువ్వుల నూనె దీపం పెట్టినాము. దానికి నేను సిగ్గుపడను. మిద్దె మీద బిడ్డను వదిలేసి పనిలో పడిపోయినావు అని మా అత్త ఒకసారి నా మీదికి వచ్చింది. ఆమె నేను కలిసే చెనక్కాయలు ఎండబోస్తున్నాము ఆ రోజు. ఆ మాట నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఏడేళ్లు వచ్చినప్పటి నుంచి గురక. ఎనిమిదికి గురక మధ్యలో ఆగడం. అది వయసుతో పాటు ఎక్కువైంది, ఎందుకంటే ఒళ్లు పెరుగుతోంది, నాలుక పెరుగుతోంది, దవడ ఒక్కటే ఉన్న చోటే ఉంది. బడిలో బెంచీ మీద నిద్రపోయేది. నిలబెడితే గోడకు ఆనుకుని నిద్రపోయేది. మంద బుద్ధి అన్నారు. లెక్కలు ఇంట్లో పొద్దున్నే లేపి చేయిస్తే చేసేది. పది గంటలకు అదే లెక్క రాదు.

మా యజమాని, పాప నాయన, ట్రాక్టర్ తోలతాడు. పొద్దంతా దున్ని వచ్చి పడుకుంటే ఆయన నిద్ర వేరు. "పెద్దదైతే సరిపోతుందిలే" అనేవాడు. "నువ్వు ఊరికే లేచి కూర్చుంటే దాని గురక ఆగుతుందా?" అనేవాడు. నేను లేచి కూర్చునేది గురక ఆపడానికి కాదు. గురక ఆగినప్పుడు దాన్ని కదిలించడానికి.

2016లో బడికి ఆరోగ్య తనిఖీ బృందం వచ్చింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే బృందం అది. రిజిస్టర్లు సర్దిపెట్టేది మేమే కాబట్టి వాళ్లు నాకు కొత్త కాదు. ఆసారి వచ్చిన డాక్టరమ్మ మాత్రం కొత్త. పాపను నోరు తెరవమంది. తెరవలేదు. పళ్లు ఎంచుకుంటూ తిడుతుందేమో అనుకున్నాను. ఆమె గడ్డం పైకెత్తి, కింద ఉన్న పాత కుట్ల మచ్చను బొటనవేలితో తడిమింది. తర్వాత రెండు చేతుల వేళ్లూ చెవుల ముందు పెట్టి, మళ్లీ తెరువు అంది. వేళ్ల కింద ఏదీ కదల్లేదు. నా వైపు తిరిగి కన్నడలో అడిగింది: గురక ఉందా, మధ్యలో ఊపిరి ఆగుతుందా అని. అంతవరకు ఆ మాట నేను అందరికీ చెప్పడమే గానీ నన్ను ఎవరూ అడగలేదు.

అక్కడి నుంచి తుమకూరు, తుమకూరు నుంచి బెంగళూరులో ఒక దంత వైద్య కళాశాల ఆసుపత్రి. పావగడకు అప్పటికి రైలు లేదు. మధుగిరి మీదుగా బస్సు. పాపకు బస్సు ఇష్టం, ముందు సీటు కమ్మీ మీద తల పెట్టి కూర్చునే నిద్రపోవచ్చు కాబట్టి.

డబ్బు సంగతి చెప్పాలి. మాకున్నది వాన మీద బతికే భూమి. సోలార్ పార్కు కోసం తిరుమణి, వళ్లూరు, బాలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల భూములు కౌలుకు తీసుకుంటున్నప్పుడు మేమూ మూడెకరాలు ఇచ్చినాము. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. చెనక్కాయలు పండిన ఏడు ఇంతకన్నా ఎక్కువే వస్తుందని మా మామ వాదన. పండిన ఏడు ఎప్పుడొచ్చిందో చెప్పు అని మా యజమాని ప్రశ్న. ఏమైనా గానీ, ఆ కౌలు డబ్బు లేకపోతే మేము బెంగళూరు పోయేవాళ్లం కాదు.

ఆసుపత్రిలో ఒక పీజీ డాక్టరు కర్నూలు వైపు అబ్బాయి. మా మాట విని, "మీరు మనోళ్లే కదమ్మా" అని తెలుగులోకి దిగినాడు. ఆ తర్వాత అన్నీ నాకు అతనే చెప్పినాడు, విసుక్కోకుండా.

తల ఎక్స్‌రే గదిలో నన్ను తలుపు దాకా రానిచ్చినారు. మామూలు ఎక్స్‌రే మాదిరి పడుకోబెట్టి తీసేది కాదు. పాపను నిలబెట్టి, రెండు చెవుల్లో రెండు చిన్న కమ్మీలు దూర్చి, ముక్కు మొదట్లో ఒక ఆసరా ఆనించి, తల ఎటూ కదలకుండా బిగించినారు. మింగొద్దు, కదలొద్దు, నేరుగా చూడు అన్నారు. పక్క నుంచి తీస్తారు. నిలబడి, కూర్చుని బతకడం దానికి అలవాటే, కదలకుండా నిలబడింది. తీయడానికి క్షణాలు పట్టింది.

ఎందుకు అంత బిగించడం అని అడిగినాను. కిరణాలు వచ్చే గొట్టానికీ తలకీ మధ్య ఐదు అడుగుల దూరం ఎప్పుడూ ఒకటే ఉండాలి, తల ఎప్పుడూ ఒకే తీరుగా ఉండాలి, అప్పుడే ఈ ఏడు తీసిన బొమ్మను వచ్చే ఏడు తీసిన బొమ్మతో కొలిచి చూడొచ్చు అన్నాడు. 1931లో అమెరికాలో క్లీవ్‌ల్యాండ్‌లో బ్రాడ్‌బెంట్ అనే పండ్ల డాక్టరు, అదే ఏడాది జర్మనీలో హోఫ్రాత్ అనే ఆయన, ఒకరికొకరు సంబంధం లేకుండా ఈ పద్ధతి తెచ్చినారట. వంకర పండ్లు సరిచేయడానికి, పిల్లల ముఖం ఎట్ల పెరుగుతుందో చూడడానికి తెచ్చింది. గొంతులో గాలిదారి అందులో పడుతుందని, నిద్రలో ఊపిరి ఆగే రోగులకు పనికొస్తుందని తర్వాత చాలా ఏళ్లకు, 1980ల్లో, స్టాన్‌ఫర్డ్‌లో రైలీ, గిల్లెమినో అనే డాక్టర్లు కొలతలు కట్టి చూపించినారట. సెఫలోగ్రామ్ అన్నాడు పేరు. మా యజమాని ఆ పేరు ఇప్పటికీ పలకలేడు, "తల ఫొటో" అంటాడు.

ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి, పైన పల్చని కాగితం పరిచి, పెన్సిల్‌తో గీసినాడు. పుర్రె అడుగున ఒక చుక్క, ముక్కు మొదట్లో ఒక చుక్క, పై దవడ మీద, కింది దవడ మీద, గడ్డం కొస మీద. చుక్కలు కలిపి కోణాలు కొలిచినాడు. చుక్కలు పెట్టడం నాకు తెలిసిన పనే కాబట్టి దగ్గరికి జరిగి చూసినాను. ఎముక తెల్లగా పడుతుంది. గాలి నల్లగా పడుతుంది. ముక్కు వెనక నుంచి కిందికి ఒక నల్ల పట్టీ దిగుతుంది, అదే ఊపిరి దారి. మెత్తటి అంగిలి వెనక దాకా అది ఉంది. నాలుక వెనకకు వచ్చేసరికి సన్నబడి, సన్నబడి, పెన్సిల్ గీతంత అయింది. స్కేలు పెట్టినాడు. మూడు మిల్లీమీటర్లు. పెద్దవాళ్లలో అక్కడ సుమారు 11 ఉంటుంది, ఈ వయసులో కొంచెం తక్కువైనా ఫరవాలేదు, మూడు మాత్రం కాదు అన్నాడు. నాలుక మొదట్లో లాడం ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. అది కూడా ఉండాల్సిన చోటుకంటే బాగా కిందికి దిగి ఉంది.

"నాలుక కింది దవడను పట్టుకుని ఉంటుందమ్మా. దవడ వెనక ఉండిపోతే నాలుకకు చోటేదీ? చిన్న గదిలో పెద్ద మంచం వేసినట్టు. మేలుకుని ఉన్నంతసేపు కండ దాన్ని ముందుకు పట్టుకుంటుంది. నిద్రలో కండ వదులవుతుంది, నాలుక వెనక గోడకు ఆనుకుంటుంది."

నేను అడిగినాను: "పడుకున్నప్పుడు కదా సార్ కష్టం. నిలబెట్టి, మేలుకుని ఉన్నప్పుడు తీస్తే దీంట్లో ఎట్ల తెలుస్తుంది?"

అతను నవ్వలేదు. మంచి ప్రశ్న అని కూడా అనలేదు, అందుకు నాకు అతనంటే గౌరవం. తెలియదు అన్నాడు. ఈ బొమ్మ పల్చనిది, దారి ముందు వెనక ఎంత ఉందో చెబుతుంది, ఎడమ కుడి ఎంత ఉందో చెప్పదు. నిద్రలో ఎన్నిసార్లు మూసుకుంటుందో అసలే చెప్పదు. ఇరుకు ఎక్కడుందో, ఎందుకుందో చెబుతుంది. ఎంత ప్రమాదమో తెలియాలంటే రాత్రి నిద్ర పరీక్ష చేయాలి, కీలు ఎట్ల అతుక్కుందో తెలియాలంటే సీటీ స్కాన్ చేయాలి అన్నాడు. కొందరికి ఈ బొమ్మ బాగానే ఉండి కూడా ఊపిరి ఆగుతుందట. కొందరికి ఇరుకుగా కనపడి కూడా నిద్ర బాగుంటుందట. ఇది ఒక్కటే చూసి రోగం ఉంది, లేదు అని చెప్పే డాక్టరును నమ్మొద్దు అన్నాడు. కిరణాల భయం కూడా అడిగినాను. ఒకటి రెండు రోజుల్లో నేల నుంచి, ఆకాశం నుంచి మనకు ఎట్లాగూ తగిలేటంత అన్నాడు.

అంతవరకు ఉదాసీనంగా ఉన్న మా యజమాని ఆ వెలుగు పెట్టె ముందు నుంచి కదల్లేదు. నల్ల పట్టీ సన్నబడిన చోట గోరు పెట్టి చూసినాడు. మూడు మిల్లీమీటర్లు ఎంతో ఆయనకు తెలుసు, ట్రాక్టర్ ఫ్యూయల్ పైపులు మార్చే మనిషి. "దీంట్లో నుంచా అది ఊపిరి తీసుకునేది?" అన్నాడు. నేను ఇన్నేళ్లు నోటితో చెప్పింది ఆయనకు చేరలేదు, ఆ గీత చేరింది. బాధ కలిగింది నాకు, అబద్ధం చెప్పను. కానీ ఆ రాత్రి లాడ్జిలో పాప పక్కన ఆయనే కూర్చున్నాడు, నన్ను పడుకోమన్నాడు. పడుకున్నాను, నిద్ర రాలేదు.

నిద్ర పరీక్షకు వేరే ఆసుపత్రి. తలకు, కండ్ల పక్కన, గడ్డానికి తీగలు అతికించి, ఎదకూ కడుపుకూ పట్టీలు కట్టి, ముక్కులో సన్నని గొట్టం, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టినారు. పక్క గదిలో తెర మీద గీతలు పోతుంటాయి. ఊపిరి గీత చదునవుతుంది, ఎద గీత ఎగురుతూనే ఉంటుంది, కొన్ని క్షణాలకు ఆక్సిజన్ అంకె దిగుతుంది. 90, 82, 74. గంటకు 38 సార్లు ఆగిందని రాసినారు. పిల్లలకు గంటకు 10 దాటితేనే తీవ్రం కింద లెక్క. గుండెకు కూడా పరీక్ష చేసినారు, కుడి పక్క మీద భారం పడడం మొదలైంది, ఇంక ఆలస్యం చేయొద్దు అన్నారు.

ఆపరేషన్ దాకా ముక్కుకు మాస్క్ పెట్టి గాలి తోసే మిషన్ వాడమన్నారు. 1981లో ఆస్ట్రేలియాలో సల్లివన్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి అది. పెద్దవాళ్లలో ఈ జబ్బుకు ఇప్పటికీ మొదట చెప్పేది అదే. మా పాప ముఖానికి మాస్క్ పట్టీ నిలవలేదు, గడ్డం లేని చోట పట్టీ ఏం పట్టుకుంటుంది? దానికి తోడు రాత్రి కరెంటు పోయేది. చుట్టూ ఇండియాలోనే పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటి కడుతున్నారు, అప్పటికి ఇంకా పలకలు బిగిస్తున్నారు, మా ఇంట్లో మాత్రం ఊపిరి మిషన్ ఆగిపోతుంది. మిషన్ వెనక్కి ఇచ్చేసినాము.

ఇక్కడ ఒక సంగతి నాకు మొదట తలకెక్కలేదు. నోరు తెరిపించమని పోయినాము కదా, ముందు నోరు తెరవరట. ముందు దవడ పొడుగు చేస్తారు. దారి వెడల్పైతేనే తర్వాతి ఆపరేషన్లో, తర్వాతి రాత్రుల్లో పిల్ల క్షేమం. దవడ పొడుగు చేయడం అంటే ఎముకను రెండు పక్కలా కోసి, మధ్య మర ఉన్న చిన్న పరికరం బిగించి, రోజుకు కొంచెం తిప్పుతూ కోసిన ముక్కలను దూరం జరపడం. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్లో ఇలిజారోవ్ అనే డాక్టరు కాళ్ల ఎముకలకు మొదలుపెట్టింది, 1992లో న్యూయార్క్‌లో మెక్‌కార్తీ కింది దవడలకు చేసి చూపించినాడట. రెండు పరికరాలకూ కలిపి మా మూడెకరాల ఒక ఏడాది కౌలు అయింది.

2017లో మొదటి ఆపరేషన్. మత్తు ఇచ్చే డాక్టరు మమ్మల్ని వేరుగా పిలిచి మాట్లాడినాడు. మామూలుగా నోట్లో నుంచి గొట్టం వేసి ఊపిరి ఇస్తారు. ఈ పిల్లకు నోరు లేదు. పూర్తిగా నిద్రపుచ్చితే ఊపిరి దారి మూసుకుంటుంది. కాబట్టి మెలకువ ఉండగానే ముక్కు నుంచి కెమెరా తీగ దింపి, దాని వెంట గొట్టం వేయాలి. కుదరకపోతే గొంతుకు రంధ్రం. సంతకం పెట్టమన్నాడు. మా యజమాని పెట్టినాడు. పెన్ను కాగితం చించింది. పదకొండేళ్ల పిల్ల, ముక్కులో తీగ పోతుంటే కదలకుండా కూర్చుందట. తర్వాత డాక్టర్లే చెప్పుకున్నారు. రంధ్రం అవసరం పడలేదు.

రెండు దవడల కింద చర్మంలోంచి రెండు చిన్న రాడ్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఐదు రోజులు ఆగి తిప్పడం మొదలు. పొద్దున అర మిల్లీమీటరు, సాయంత్రం అర మిల్లీమీటరు. నిదానమైతే ఎముక మధ్యలోనే అతుక్కుంటుంది, తొందరైతే ఎముక పుట్టదు. ఆసుపత్రిలో కొన్నాళ్లు నర్సు తిప్పింది, తర్వాత తాళంచెవి లాంటిది నా చేతికిచ్చి ఇంటికి పంపినారు. రాసి పెట్టుకోండి, ఏ పూటా తప్పకూడదు అన్నారు. రాయడం నాకు వచ్చు. తిప్పడం చాలా కష్టమైంది. మర తిరిగేటప్పుడు పాప నా చీర కొంగు నోటి సందులో కుక్కుకునేది. ఎడమ పక్క తక్కువ నొప్పి, కుడి పక్క ఎక్కువ, కాబట్టి కుడి ముందు చేయమనేది. మా అత్త ఆ వేళకు బయటికి పోయి వీధి అరుగు మీద కూర్చునేది, పని అయిందని చెప్పేదాకా లోపలికి రాదు. రాడ్ల చుట్టూ చీము రాకుండా రోజూ కడగాలి. మా ఊరి నీళ్లు ఎట్లాంటివో తెలుసు కాబట్టి కాచి చల్లార్చిన ఫిల్టర్ నీళ్లు, ఉప్పు.

తిప్పుతూ ఉండగానే, రెండో వారం పోయి మూడో వారం వచ్చేసరికి, గురక తగ్గింది. మొదట నేను నమ్మలేదు, జలుబు తగ్గిందేమో అనుకున్నాను.

తిప్పడం అయిపోయినాక మళ్లీ అదే గది, చెవుల్లో అవే కమ్మీలు. పీజీ డాక్టరు మొదటి కాగితం తీసి, కొత్త ఫిల్ము మీద గీసిన కాగితాన్ని దాని మీద పరిచినాడు. పుర్రె అడుగు చుక్క మీద చుక్క, ముక్కు మొదటి చుక్క మీద చుక్క. ఆ రెండూ కదలని గుర్తులు. మిగిలినదంతా కదిలింది. కింది దవడ దాదాపు 18 మిల్లీమీటర్లు ముందుకు వచ్చింది. లాడం ఎముక పైకి జరిగింది. నాలుక వెనక నల్ల పట్టీ తొమ్మిది మిల్లీమీటర్లు ఉంది. ఐదు అడుగుల దూరం, చెవుల కమ్మీలు, కదలొద్దన్న మాట, అన్నీ ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు. నిద్ర పరీక్ష కూడా మళ్లీ చేసినారు. గంటకు 38 ఉన్నది 4 అయింది.

కొత్త ఎముక గట్టిపడడానికి మూడు నెలలు ఆగి రెండో ఆపరేషన్. పరికరాలు తీసి, అతుక్కున్న కీళ్ల దగ్గర ఎముక ముక్క కోసి తీసి, మళ్లీ అతుక్కోకుండా మధ్యలో కణత కండ కొంచెం తెచ్చి పెట్టినారు. బల్ల మీద నోరు 35 మిల్లీమీటర్లు తెరుచుకుందని చెప్పినారు. మేము సంతోషపడినాము. డాక్టర్లు పడలేదు. అసలు పని ఇప్పుడే అన్నారు.

ఆ పని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. నోరు రోజుకు ఎన్నోసార్లు బలవంతంగా తెరవాలి. ఐస్‌క్రీం పుల్లలు కట్టగా కట్టి పండ్ల మధ్య పెట్టి, ఒక్కొక్క పుల్ల మధ్యలోకి దూరుస్తూ పోవాలి. నొప్పి మర తిప్పినదానికంటే ఎక్కువ. చేయకపోతే మళ్లీ అతుక్కుంటుంది. అట్ల అతుక్కుని మళ్లీ ఆపరేషన్‌కు వచ్చిన పిల్లల్ని ఆ వార్డులోనే చూసినాము. పాప మర తిప్పడానికి ఏడవలేదు, పుల్లలకు ఏడ్చింది. నన్ను కొట్టింది. ఒకసారి పుల్లల కట్టంతా పొయ్యిలో వేసింది. ఊళ్లో వాళ్లు, పాపం ఆ బిడ్డను ఎందుకట్ల చంపుతావు అని కిటికీ దగ్గరికి వచ్చి అడిగినారు. రాత్రి అది నిద్రపోవడం చూసుంటే వాళ్లు అడిగేవాళ్లు కాదు. అయినా పక్కింటి నిద్ర ఎవరు చూస్తారు?

ఆరు నెలల తర్వాత బరువు పెరిగింది. బడిలో నిద్రపోవడం మానింది. లెక్కలు పది గంటలకు కూడా వచ్చినాయి. మంద బుద్ధి అన్నవాళ్లు ఆ మాట వెనక్కి తీసుకోలేదు గానీ, మళ్లీ అనలేదు.

నేను అంగన్‌వాడీలో ఇప్పుడు ఒక పని అదనంగా చేస్తాను, ఏ రిజిస్టర్లోనూ దానికి గడి లేదు. గడ్డం మీద దెబ్బ తగిలిన పిల్లోడిని నోరు తెరవమంటాను. వాడి మూడు వేళ్లు, నిలువుగా, వాడి నోట్లో పట్టాలి. పట్టకపోతే, చెవి ముందు నొప్పి అంటే, ఎక్స్‌రే తీయించమని తల్లికి చెప్పి పంపుతాను. కొందరు పోతారు, కొందరు పోరు. చెవిలో చీము కారే పిల్లలకూ ఇది వస్తుందట, వాళ్లనూ చూస్తాను.

పాప ఇప్పుడు పావగడలో డిగ్రీ చదువుతోంది. బెంగళూరు ఆసుపత్రికి తల ఫొటోకు ఒక్కతే పోయి వస్తుంది. దవడ పొడుగైంది గానీ గడ్డం కొస ఇంకా చిన్నదే, కొంచెం కుడికి వంకర. సంబంధాలు చూసే మా ఆడబిడ్డ ఆ గడ్డం గురించి అప్పుడప్పుడు అంటుంది, దాని ముందే. గడ్డం కొస ఎముకను కోసి ముందుకు జరిపితే ముఖమూ కుదురుతుంది, నాలుక కండ ఆ ఎముకకే ఉంటుంది కాబట్టి దారి కూడా ఇంకొంచెం పెరుగుతుందని డాక్టర్లు చెప్పినారు. పెరుగుదల ఆగిందని రెండు ఏళ్ల ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, ఇప్పుడు చేయొచ్చు అన్నారు. ముఖం కోసమైతే వద్దంది పాప. దారి ఎన్ని మిల్లీమీటర్లు పెరుగుతుందో ముందు కాగితం మీద గీసి చూపించమని అడిగింది. గీస్తాము, ఆఖరి సెమిస్టర్ అయినాక రమ్మన్నారు.